కావలి రాణి పదకొండు సెకన్లు

వెండికోట మెట్ల మీద కావలి రాణి ఎందుకు కూర్చుంది? అరవై అయిదు భాగాల కార్టూన్‌లో ఒకే ఒక్కసారి, నలభై ఒకటో భాగంలో, పక్కన ఎవరూ లేకుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా, పదకొండు సెకన్ల పాటు ఆమె ఎందుకు కూర్చున్నట్టు? నలభై ఏళ్ళుగా ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఊహించినవాళ్ళు మాత్రం చాలామందే ఉన్నారు. ఆ రోజుల్లో నేల మీద బోర్లా పడుకుని ఆ కార్టూన్ చూసిన పిల్లలు ఇప్పుడు బట్టతలలతో, బొజ్జలతో, ఫోన్లలో గుంపులు కట్టి వాదించుకుంటున్నారు. శాపమని కొందరు, శపథం తీరిన గుర్తని కొందరు, బొమ్మ గీసినవాడి నిద్రమత్తని ఇంకొందరు. కళ్ళజోడు తుడుచుకుని మరీ అవన్నీ చదివాను. ఒక్కరికీ తట్టలేదు.

ఆ ప్రశ్న ఒక గురువారం ఉదయం మా ఇంటి గుమ్మం ఎక్కింది. ఆ సమయానికి నేను మా ఆయన నీలం చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. బొమ్మల కంపెనీవారు ఆ పాత కార్టూన్‌ను మళ్ళీ తీస్తున్నారు. కొత్త రంగులు, కొత్త గొంతులు, అరల నిండా కొత్త బొమ్మలు. అప్పటి పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు కనుక తమ చిన్నతనాన్ని తమ పిల్లలకు కొనిపెడతారని వారి ఆశ. కొత్త కథల బాధ్యత అప్పగించిన రచయిత్రి, ముప్పై అయిదేళ్ళ అమ్మాయి, పాత కథలు రాసిన మనిషిని స్వయంగా కలవడానికి వస్తానంది. ప్రతి భాగం మొదట్లోనూ ‘రచన’ అన్న మాట కింద పడే పేరు మా ఆయనది. తాను గొంతు మాత్రమే రికార్డు చేసుకుంటానని ఆ అమ్మాయి ముందే చెప్పింది. గొంతుకు ఇస్త్రీ చొక్కా ఎందుకో నాకు బోధపడలేదు. అయినా చేశాను. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో బోధపడకుండానే చేసిన పనులకు అదొక కొనసాగింపు.

ఆమె వచ్చి కూర్చున్నాక ఆయన నా వైపు తిరిగి, వంటింటి తలుపు దగ్గరగా వేసుకోమన్నారు. గిన్నెల చప్పుడు రికార్డులో పడుతుందట. వేశాను, ఒక జానెడు సందు మిగిల్చి. వినాలన్న కుతూహలం నాకున్న ఒకే ఒక్క దురలవాటు.

ఆ కార్టూన్ ఎలా తయారయ్యేదో కొంత చెప్పాలి. అందులో ముందు పుట్టింది బొమ్మ, తరువాత పుట్టింది కథ. కంపెనీ ఆరుగురు వీరులనూ ఒక స్త్రీనీ ప్లాస్టిక్‌లో పోసి, వాటిని అమ్మిపెట్టే కథలు కావాలంది. ఒక కఠినమైన నియమం కూడా పెట్టింది. బొమ్మ చేయలేని పనిని తెర మీద ఆ పాత్ర చేయకూడదు. తెర మీద వీరుడు చేయి వెనక్కి తిప్పితే, ఇంట్లో పిల్లవాడు తన బొమ్మ చేయి వెనక్కి తిప్పుతాడు. తిరగకపోతే విరుగుతుంది. అందుకని కథను చిత్రకారుల దగ్గరికి పంపే ముందు ఏడు బొమ్మలనూ బల్ల మీద నిలబెట్టి, రాసిన ప్రతి కదలికనూ వాటి చేత చేయించి చూడాలి. దాన్ని బొమ్మ పరీక్ష అనేవారు. అన్నీ కుదిరితే చివరి పేజీ మీద ‘బొమ్మకు సాధ్యం’ అని రబ్బరు ముద్ర వేయాలి. ఆ ముద్ర పడనిదే చిత్రకారులు పెన్సిలు పట్టరు.

ఆరుగురు వీరులకూ మోకాళ్ళు వంగేవి. కావలి రాణికి వంగేవి కావు. ఆమె కాళ్ళు తుంటి నుంచి మడమ దాకా ఒకే ముక్క. మగపిల్లలు ఆడబొమ్మను కొనరని, అమ్ముడుపోని బొమ్మకు కీళ్ళు దండగని సేల్స్ మేనేజరు తేల్చాడు. ఆవిడ పని కాపలా, కాపలాకి మోకాళ్ళెందుకు అన్నాడట. మా ఆయన ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి, గొప్ప చమత్కారంగా వినిపించి, నవ్వడం పూర్తయ్యాక భోజనం పెట్టమన్నారు.

మొదటి నాలుగు కథలూ ఆయనే రాశారు. ఆ మాట నిజం, ఆ గౌరవం ఆయనకు దక్కాలి. నేను టైపు చేశాను. అయిదో కథ నుంచి ఆయన పొద్దున గడ్డం గీసుకుంటూ రెండు వాక్యాలు చెప్పేవారు. పొగమంచు రాక్షసుడు కోట మీద పడతాడు, చివరికి అందరూ కలిసి తరిమేస్తారు. ఆ రెండు వాక్యాలకూ ఇరవై రెండు పేజీలకూ మధ్య ఉన్న దూరమంతా నేను నడిచాను. మా ఇంట్లో దానికి టైపింగ్ అని పేరు. టైపింగ్ అయిందా అని అడిగేవారు కానీ ఏం రాశావని ఒక్కనాడూ అడగలేదు. బొమ్మ పరీక్ష కూడా ఆ టైపింగ్‌లో భాగమే. పిల్లను బడికి పంపి, గిన్నెలు కడిగి, భోజనాల బల్ల తుడిచి, అదే బల్ల మీద ఏడు బొమ్మలనూ వరసగా నిలబెట్టేదాన్ని. మా కోడలికి ఇంకా బొమ్మలాట తీరలేదని అత్తగారు ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వేవారు. అందులో విషం లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు గుచ్చుకునేది.

నలభై భాగాల దాకా రాణిని నిలబెట్టి ఉంచడానికి సాకులు వెతకడమే నా వృత్తి అయింది. సభలో వీరులు ఆసనాల మీద కూర్చుంటే ఆమె తలుపు దగ్గర ఉండేది. పడవలో వాళ్ళు కూర్చుంటే ఆమె అంచున నిలబడి దూరంగా చూసేది. గాయపడ్డా కూర్చోకూడదు, పడిపోవచ్చు. ఆమె ముందు రెండే దారులుండేవి, నిలబడడం, లేదా కూలిపోవడం. అలా ఇంకా ఎన్ని భాగాలు నడపగలనా అని నన్ను నేనే వింతగా గమనించుకునేదాన్ని.

నలభై ఒకటో భాగంలో యుద్ధం ముగిసింది. వీరులందరూ లోపల విందులో ఉన్నారు. రాణిని బయట మెట్ల దగ్గరికి తెచ్చాను. ఆమె ఈటెను గోడకు ఆనించింది. నడుము పట్టీని ఒక రంధ్రం వదులు చేసుకుంది. మూడో మెట్టు మీది దుమ్మును అరచేత్తో తుడిచింది. కూర్చుంది. పదకొండు సెకన్ల పాటు ఏమీ జరగదు, సంగీతం వద్దు అని రాశాను. మొత్తం పదహారు వాక్యాలు. అప్పుడు బల్ల మీది బొమ్మను చేతిలోకి తీసుకుని వంచి చూశాను. వంగలేదు. పేజీ అంచున పెన్సిలుతో ‘బొమ్మకు సాధ్యం కాదు, అయినా చేయనివ్వండి’ అని రాసి, చివరి పేజీ మీద సాధ్యమన్న ముద్ర వేశాను. ఆ ముద్ర మా ఇంట్లోనే, టైపు మిషను పక్కనే ఉండేది. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. ఎప్పుడూ అంతే. చిత్రకారులు ముద్ర చూశారు, అంచున ఉన్న పెన్సిలు రాత వాళ్ళకు అక్కర్లేదు.

ఆ భాగం ప్రసారమైన వారానికి కంపెనీకి కవర్లు రావడం మొదలైంది. కొన్నింటిలో ఉత్తరాలు, కొన్నింటిలో కాళ్ళు. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ తమ రాణులను కూర్చోబెట్టబోయారు. సేల్స్ మేనేజరు స్వయంగా మా ఇంటికి వచ్చి, ఒక సంచెడు విరిగిన కాళ్ళను మా భోజనాల బల్ల మీద కుమ్మరించాడు. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని అక్కడే ఉన్నాను. మా ఆయన నా వైపు చూడలేదు.

"మా ఆవిడ టైపింగ్‌లో పొరపాటు దొర్లింది సార్. ఒక చెయ్యి పొయ్యి మీద, ఒక చెయ్యి మిషను మీద. ఆడవాళ్ళ పని తెలిసిందే కదా."

మేనేజరు నవ్వాడు. ఆయనా నవ్వారు. గండం గడిచింది. పదహారు వాక్యాల పొడవున టైపింగ్ పొరపాటు ఎలా దొర్లుతుందన్న సందేహం ఆ ఇద్దరిలో ఒక్కరికీ కలగలేదు.

నువ్వు చేసిన నిర్వాకం కనుక జవాబులు కూడా నువ్వే రాయమన్నారు. నాలుగు నెలలు రాశాను. రాణి ఇక మీదట కూర్చోదు, దయచేసి ఆమె కాళ్ళు వంచవద్దు అన్నది కంపెనీ ఇచ్చిన వాక్యం. ఒక ఉత్తరం దగ్గర మాత్రం కలం ఆగింది. వంకర అక్షరాలతో ఒక చిన్నపిల్ల ఇలా రాసింది: "మా రాణికి కాళ్ళు విరిగిపోయాయి. ఇప్పుడు బాగా కూర్చుంటోంది. మీరేం బాధపడకండి." ఆ పిల్లకు కంపెనీ వాక్యం పంపలేదు. అలాగే కూర్చోనివ్వమని రాశాను.

తరువాత నలభై ఏళ్ళు అది మా ఇంటి హాస్యం. పిల్లకు సంబంధం మాట్లాడడానికి వచ్చినవారి ముందు, ఆపైన అల్లుడి స్నేహితుల ముందు, ఆయన సన్మాన సభలో వేదిక మీద కూడా. మా ఆవిడ ఒక్క తప్పు కొట్టి పదివేల కాళ్ళు విరగ్గొట్టిందనేవారు. అందరూ నా వైపు తిరిగేవారు. నేను చిరునవ్వు నవ్వేదాన్ని, వేళకు నవ్వడం కూడా టైపింగ్‌లో భాగమేనేమో.

ఆ గురువారం తలుపు సందులోంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది. కొత్త కథ మొత్తం ఆ మెట్టు మీదే మొదలుపెడుతున్నామనీ, ఆ పదకొండు సెకన్ల మీద పెద్దపెద్ద వ్యాసాలు వచ్చాయనీ, పిల్లల కార్టూన్లలో అలాంటి దృశ్యం ఇంకొకటి లేదనీ చెప్పి, ఎందుకు కూర్చోబెట్టారు సార్ అని అడిగింది. నేను ఆ పాత హాస్యం కోసం ఎదురుచూశాను. రాలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"అది నేను కావాలనే పెట్టానమ్మా. కంపెనీ ఒప్పుకోలేదు, పోట్లాడి మరీ పెట్టించాను. రాణికి పెద్ద వీరుడి మీద ప్రేమ. పైకి చెప్పుకోలేదు. లోపల విందులో అతని పక్కన ఇంకొకరున్నారు. ఆ బరువుకి కూలబడింది పాపం."

అద్భుతం సార్, పది భాగాలకు సరిపడా కథ ఉంది అందులో అంది ఆ అమ్మాయి.

నలభై ఏళ్ళు నా పొరపాటుగా బతికినది ఆ ఉదయం పదకొండు దాటిన పది నిమిషాలకు ఆయన ప్రతిభ అయింది. కోపం తరువాత వచ్చింది. ముందు వచ్చింది కుతూహలమే, ఒప్పుకుంటాను. ఈ ప్రేమకథను ఈయన ఇప్పుడే అల్లారా, లేక ఎప్పుడో అల్లుకుని నమ్ముతూ వస్తున్నారా? అబద్ధమాడుతున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ ముఖాన్ని ఒక్కసారి చూడాలనిపించింది. ఆ వెంటనే ఇంకొకటి స్ఫురించింది. నలభై భాగాలు నిలబడి నిలబడి, నేను దొంగముద్ర వేసి సంపాదించి పెట్టిన ఆ పదకొండు సెకన్లను కూడా రాణి ఇక ఒక మగవాడి కోసం ఖర్చుపెట్టబోతోంది. కొత్తగా చూసే ఆడపిల్లలందరూ, ఆడది కూర్చుందంటే ఎవడో మనసు విరిచి ఉంటాడనే నేర్చుకుంటారు.

మంచినీళ్ళ నెపంతో ఆ అమ్మాయి వంటింట్లోకి వచ్చింది. గ్లాసు అందుకుని కూడా తాగలేదు. అరలో ఉన్న డబ్బాల వైపు, వాటి మీద నేను రాసి అంటించిన ఉప్పు, పంచదార, బియ్యప్పిండి అన్న కాగితాల వైపు చాలాసేపు చూసింది. సంచీలోంచి ఒక జిరాక్సు కాగితం తీసింది. కంపెనీ పాత దస్త్రాల్లో దొరికిన నలభై ఒకటో భాగం పేజీ. అంచున నా పెన్సిలు రాత వెలిసిపోయి కూడా చదవడానికి వీలుగానే ఉంది.

"ఆంటీ, ఇది మీ చేతిరాతేనా?" అని గొంతు బాగా తగ్గించి అడిగింది. "సార్‌ని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. మీరు నాకొక్కదానికి చెప్పండి చాలు. చివర్లో కృతజ్ఞతల్లో మీ పేరు వేయిస్తాను."

మంచి పిల్ల. చిక్కంతా ఆ మంచితనంతోనే. నాకు దక్కవలసిన ప్రతిదీ ఈ నలభై ఏళ్ళలో వంటింట్లోనే, గొంతు తగ్గించే దక్కింది. మెచ్చుకోలు దక్కింది. క్షమాపణ కూడా రెండుసార్లు దక్కింది. మేనేజరు వెళ్ళిపోయాక ఆయన వచ్చి, ఏదో ఆ సమయానికి అలా అనాల్సి వచ్చిందోయ్ అన్నది ఈ పొయ్యి గట్టు పక్కనే. ముందు గదిలో మాత్రం అవేవీ జరగలేదు, కనుక లోకంలో జరగలేదు.

"ఇక్కడ చెప్పను" అన్నాను. "ఆ గదిలో అడుగు. ఆ రికార్డింగ్ మిషను ఆన్ చేసి అడుగు."

"సార్ బాధపడతారేమో ఆంటీ."

"పడనీ అమ్మాయ్. అదీ రికార్డవుతుంది."

చేతులు తుడుచుకుని ఆమె వెనకే ముందు గదిలోకి వెళ్ళాను. ఆమె మిషను ఆన్ చేసింది, కాగితం బల్ల మీద పెట్టింది, నన్ను అడిగిన ప్రశ్ననే ఆయన ఎదుట మళ్ళీ నన్ను అడిగింది. అందుకు ఆమెను మెచ్చుకోవాలి. మా ఆయన పెద్దమనిషి నవ్వు ఒకటి నవ్వి, ఆవిడకి ఈ మధ్య మరుపు ఎక్కువైందమ్మా, టైపు చేసింది కదా, తానే రాశాననుకుంటోంది అన్నారు.

"ఏమండీ, కూర్చునే ముందు రాణి ఏం చేసింది?" అని అడిగాను.

"ఏం చేస్తుంది? కూర్చుంది."

నేను పదహారు వాక్యాలూ చెప్పాను. ఈటె, గోడ, నడుము పట్టీ, ఒక్క రంధ్రం, మూడో మెట్టు, అరచేయి, దుమ్ము. ఆ అమ్మాయి కాగితం మీద వేలు పెట్టి వాక్యం తరువాత వాక్యం సరిచూసుకుంటూ వచ్చింది. చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. మరి ఎందుకు కూర్చుంది ఆంటీ అని, ఈసారి గొంతు తగ్గించకుండా అడిగింది.

"మా అత్తగారు అడిగారు కనుక" అన్నాను.

ఆవిడ ప్రతి వారం ఆ కార్టూన్ చూసేవారు. మామగారూ మా ఆయనా సోఫాలో, పిల్ల నేల మీద, రెండు కుర్చీలు ఖాళీ. ఆవిడ మాత్రం గుమ్మానికి చేయి ఆనించి, ఎవరు ఏం అడిగినా వెంటనే కదలడానికి వీలుగా, మొదటి నుంచి చివరి దాకా నిలబడే చూసేవారు. నలభయ్యో భాగం అయిపోయాక వంటింట్లోకి వచ్చి, నా బొమ్మల్లోంచి రాణిని వేలితో చూపించి, ఎవరికో చెప్పుకుంటున్నట్టు ఒక మాటన్నారు. ఆ మాటను ఆవిడ గొంతులోనే చెప్పాను.

"ఈ పిల్లకి కాళ్ళు లాగవా?"

రాణికి ప్రేమా లేదు, శపథమూ లేదు, శాపమూ లేదు. కాళ్ళు లాగాయి. కూర్చుంది. నేను చెప్పినది అంతే.

మా ఆయన నా ముఖంలోకి చూశారు. చాలా ఏళ్ళ తరువాత చూశారు. నేను కూడా ఆ ముఖంలో వెతకవలసినదాన్ని వెతికాను. అక్కడ సిగ్గు కనబడలేదు, జంకూ కనబడలేదు. తానే ఎక్కడో పెట్టి మరిచిన వస్తువు కోసం సొరుగులు లాగుతున్న మనిషిలా ఉన్నారు. చివరికి అడిగారు.

"అమ్మ నిలబడేదా?"

నా కుతూహలం అక్కడితో తీరింది. ఈయన ఇన్నాళ్ళూ తెలిసి అబద్ధమాడలేదు, తాను చూడనిదానికి అప్పటికప్పుడు తోచిన మాట చెబుతూ వచ్చారు. అబద్ధమాడేవాడిని క్షమించడం సులభం, వాడు నిజాన్ని ఒక్కసారైనా చూసి ఉంటాడు. తన తల్లి ఏళ్ళ తరబడి తన కళ్ళ ఎదుట నిలబడి ఉంటే ఈయనకు కనబడలేదు. ఇక భార్య రాసిన అరవై ఒక్క కథలు కనబడతాయని నేను ఏ లోకంలో ఉండి ఎదురుచూశాను?

కాళ్ళు లాగడమొక్కటే కారణమైతే దాని మీద పది భాగాలు ఎలా రాయడం ఆంటీ అని ఆ అమ్మాయి బెంగపడింది. నాకూ అదే తెలుసుకోవాలని ఉందన్నాను. కూర్చున్న మనిషి ఏం చూస్తుంది? లేచి ఎటు వెళుతుంది? విందు జరుగుతున్న గదిలోకేనా? ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తానన్నాను. కృతజ్ఞతల్లో నా పేరు వద్దు. రచన అన్న చోట వేయాలి, కొత్తవాటికే కాక అయిదో భాగం నుంచి అరవై అయిదో భాగం దాకా పాతవాటికి కూడా. మొదటి నాలుగూ ఆయనవే, వాటి జోలికి రాను. కంపెనీ ఒప్పుకోకపోవచ్చు, లాయర్లు రుజువులు అడుగుతారు అందామె. ప్రతి కథ అంచునా నా పెన్సిలు ఉంది, దస్త్రాలు తీయించు అన్నాను. ఆమె ఆ మాటను మిషనుకు వదిలేయకుండా పుస్తకంలో తన చేత్తో రాసుకుంది. ఇదంతా ఏమవుతుందో నాకు తెలియదు. కంపెనీ ఇంకా జవాబివ్వలేదు. మా ఆయన ఆ రోజు నుంచి ఎవరికీ ఆ హాస్యం చెప్పలేదు, వేరొకటి కూడా చెప్పలేదు. ఒకసారి మాత్రం నా దగ్గరికి వచ్చి, అయిదో కథలో ఏముందని అడిగారు. చదువుకోమన్నాను.

ఇక మీ సంగతి. మీ ఇంట్లో ఒక పుస్తకం మీదో, దుకాణం బోర్డు మీదో, గోడకు వేలాడే సన్మానపత్రం మీదో ఒకే ఒక్క పేరు ఉండి ఉంటుంది. ఆ పేరుకు సాయంగా ఉందనిపించుకున్న మనిషి ఇంకా బతికే ఉండి ఉంటుంది. ఇందులో నీది ఎంత అని ఆమెను అడగండి. పక్కకు పిలిచి, చెవిలో అడగకండి. నలుగురూ ఉన్న గదిలో, ఆయన ఎదుట, ఆయన పేరున్న వస్తువును చేత్తో పట్టుకుని అడగండి. నాదేముంది, ఏమీ లేదు అంటుంది. నమ్మకండి. రెండోసారి అడగండి.